పావురాల గూటిలో నాలుగు గుడ్లు

ఇంటి వసారాలో ఒక చెక్కపెట్టెను అమర్చి, దానిలో రెండు పావురాలను పెంచుతున్నారనుకొందాము. అవి ఎప్పుడూ కలిసే తిరుగుతవి. ఒకదాని మెడ ఈకలను మరొకటి ముక్కుతో సవరిస్తుంది. కొన్నాళ్ళకు పుల్లలు ఏరి తెచ్చి గూడు కట్టుకొన్నవి. అది చూచి ఇంటివారు ఒకటి మగదనీ, రెండవది ఆడదనీ నిశ్చయించుకొన్నారు. తరువాత గూటిలో గుడ్లు కనిపించినవి. కాని రెండు కాదు, నాలుగు! పద్దెనిమిది రోజులు దాటినా వాటిలో ఒక్కటీ పిల్ల కాలేదు.

ఆడపావురము సాధారణముగా ఒక పర్యాయమునకు రెండు గుడ్లే పెడుతుంది. మరి నాలుగు ఎట్లా వచ్చినవి? లెక్క సులభమే. గూటిలో ఉన్నవి రెండూ ఆడపక్షులే. చెరి రెండు గుడ్లు పెట్టినవి. మగపక్షి లేదు కనుక ఆ గుడ్లు ఫలదీకరణము చెందలేదు. పావురాలను పెంచేవారికి ఇది కొత్త సంగతి కాదు. ఒకే లింగమునకు చెందిన రెండు పక్షులు జతకట్టుట పావురాలలోనే గాక, చిలుకలలోను, చిన్న పాటపిట్టలలోను కూడా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. కోడిపెట్ట పుంజు లేకపోయినా గుడ్లు పెడుతుంది. పావురము అట్లా కాదు. ఒంటరిగా ఉంచిన ఆడపావురము సాధారణముగా గుడ్లు పెట్టదు. అటువంటప్పుడు ఈ రెండు పెట్టలు ఎట్లా పెట్టగలిగినవి? ఇంగ్లండుకు చెందిన హారిసన్ మాథ్యూస్ అనే శాస్త్రజ్ఞుడు 1939లో ప్రకటించిన ప్రయోగములో దీనికి సమాధానము ఉన్నది. ఆయన రెండు పావురాల నడుమ గాజుపలక ఉంచినాడు. అవి ఒకదానినొకటి తాకలేవు, చూడగలవు. అవతలి పక్షి మగదైనా సరే, ఆడదైనా సరే, ఆడపావురము గుడ్లు పెట్టింది. చివరకు ఎదుట అద్దము ఉంచితే, తన ప్రతిబింబమునే చూచుకొని కూడా పెట్టింది!

తోడు కనిపించుటయే ఇక్కడ ముఖ్యము. కన్ను చూచిన దృశ్యము మెదడుకు చేరుతుంది. మెదడు పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. ఆ గ్రంథి హార్మోనులను రక్తములోనికి వదలుతుంది. వాటి ప్రభావము వల్ల అండకోశములో అండము పక్వమవుతుంది. తోడున్న పక్షి ఏ లింగమునకు చెందినదనే విచారణ ఈ క్రమములో రానక్కరలేదు.

అసలు పక్షులకు జత ఎందుకు? కుక్క, పిల్లి మొదలైన జంతువులలో పిల్లలకు తల్లి పాలు చాలును. పావురాలలో అట్లా కాదు. ఇద్దరూ వంతులవారీగా గుడ్లు పొదుగుతారు. పిల్లలు పుట్టగానే ఇద్దరి అన్నాశయపు లోపలి పొర నుండి పెరుగువంటి ఒక పదార్థము ఊడివస్తుంది. దీనినే పావురపు పాలు అంటారు. దీనిలో మాంసకృత్తులు, కొవ్వు మిక్కుటముగా ఉంటవి. ఇది ఆడపక్షిలోను, మగపక్షిలోను కూడా ప్రొలాక్టిన్ అనే హార్మోను వల్లనే తయారవుతుంది. కనుక నమ్మకమైన తోడు లేనిదే సంసారము సాగదు. తోడును వెదకి, దానిని విడువక అంటిపెట్టుకొనే స్వభావము ఇటువంటి పక్షులలో బలముగా పాతుకొన్నది.

ఆ బంధము ఎంత గట్టిదో మరొక ప్రయోగము తెలుపుతుంది. జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియాకు చెందిన చిన్న పిట్ట. మన పొలాలలో గింజలు తినే మునియా పిట్టల కుటుంబమునకు చెందినదే. ఒకసారి జతకట్టితే సాధారణముగా జీవితాంతము విడిపోదు. ఫ్రాన్సులోని సెంట్ ఎటియెన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొన్ని మగపిట్టలను మగవాటి మధ్యనే పెంచి, ఫలితాలను 2011లో ప్రకటించినారు. సగము కంటే ఎక్కువ పిట్టలు మరొక మగపిట్టతో జతకట్టినవి. అవి ఒకదానికొకటి ఆనుకొని కూర్చునేవి, ఈకలు సవరించుకొనేవి. తరువాత ఆడపిట్టలను తెచ్చి వదలినారు. అట్లా జతకట్టిన ఎనిమిది మగపిట్టలలో అయిదు ఆడపిట్టలను పట్టించుకోక, పాత తోడుతోనే ఉండిపోయినవి.

దీనిని బట్టి ఏమి గ్రహించవచ్చును? ఆడపక్షులు దొరకకపోవుట ఇటువంటి జతలకు ఒక కారణము కావచ్చును. కాని బంధము ఏర్పడిన తరువాత, ఆ కారణము తొలగినా బంధము తొలగిపోవలెననే నియమము లేదు. బాల్యములోని పరిసరాలకు కూడా ఇందులో పాత్ర ఉన్నది. పెద్ద మగపిట్టలు లేనిచోట పెరిగిన జీబ్రా ఫించ్ పిల్లలు, పెద్దవైన తరువాత తమ లింగపు తోడునే ఎన్నుకొనుట హెచ్చుగా ఉండునని అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2000లో చూపింది. అన్ని జాతులకూ వర్తించే ఒకే కారణము చెప్పుట తొందరపాటు అవుతుంది.

ఇక పెంపకందారులకు పనికివచ్చే సంగతి. నడవడిని మాత్రమే చూచి ఆడమగలను నిర్ణయించరాదు. మన పట్టణాలలో ‘లవ్ బర్డ్స్’ అనే పేరుతో అమ్మే పిట్టలు చాలావరకు బడ్జరిగార్ చిలుకలు. వీటిలో ఈడేరిన మగపిట్టకు ముక్కుపై భాగము సాధారణముగా నీలముగాను, ఆడపిట్టకు గోధుమరంగుగాను ఉంటుంది. కొన్ని పసుపు, తెలుపు రకాలకు ఈ గుర్తు పనికిరాదు. రూపములో తేడా లేని జాతులలో ఈక మొదలు నుండి తీసిన డి.ఎన్.ఏ.ను పరీక్షిస్తారు. మనుష్యులలో పురుషునికి రెండు భిన్నమైన లింగ క్రోమోజోములు ఉంటవి. పక్షులలో ఇది తారుమారు. మగపక్షికి రెండు జడ్ క్రోమోజోములు ఉంటే, ఆడపక్షికి ఒక జడ్, ఒక డబ్ల్యు ఉంటవి.

రెండూ ఆడవే అని తేలిన తరువాత గుడ్లను వెంటనే తీసివేయుట మంచిది కాదు. పక్షి మరల గుడ్లు పెట్టుటకు పూనుకొంటుంది. ప్రతి పెంకుకు సున్నపు ధాతువు శరీరము నుండే పోవలెను. అందుచేత అనుభవజ్ఞులు గుడ్ల స్థానములో కొయ్య గుడ్లను ఉంచుతారు, ఆహారములో గుల్లపొడి కలుపుతారు. ‘సరియైన జత’ కోసమని తోడును విడదీసినంత మాత్రాన కొత్త తోడును పక్షి అంగీకరిస్తుందని చెప్పలేము. పిల్లలు కావలెనను కోరిక లేనప్పుడు వాటిని అట్లాగే ఉండనిచ్చుట మేలు.

ఇంటివారు చేసిన పొరపాటును శాస్త్రజ్ఞులు కూడా చేసినారు. హవాయి దీవులలోని లేసాన్ ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. కాని కొన్ని గూళ్ళలో రెండు గుడ్లు ఉండేవి. ఆడమగలు ఒకే తీరుగా ఉండుట వల్ల ప్రతి జతనూ ఆడమగల జతగానే భావించేవారు. ఒవాహు దీవిలోని ఒక స్థావరములో డి.ఎన్.ఏ. పరీక్ష చేయగా, 125 జతలలో 39 జతలు రెండు ఆడపక్షులవేనని 2008లో వెల్లడైనది. వాటిలో కొన్ని, వేరొక మగపక్షి వల్ల ఫలించిన గుడ్డును పొదిగి, పిల్లను పెంచి పెద్దచేసినవి కూడా.

గూటిలో ఎక్కువైన ఆ గుడ్డు అందరి కళ్ళ ఎదుటనే ఉన్నది. కళ్ళకు కనిపించినదానికి, మనము ముందే అనుకొన్నదానికి పొత్తు కుదరనప్పుడు, అనుకొన్నదానినే మరల పరీక్షించుకొనుట శాస్త్ర పద్ధతి. పెరటిలోని పావురాల గూడు ఈ పాఠము చెప్పుటకు చాలును.