ఉప్పుబావి తగవు: తెలియనివారితో వాదించు పద్ధతి

నలుగురు కూడినచోట వాదము పుట్టుట సహజము. టీకొట్టు ముందు, బస్సులో, రైలుపెట్టెలో, పంచాయతీ ఆఫీసు అరుగుమీద ఒకరినొకరు ఎరుగనివారు సైతము మూడు విషయములపై త్వరగా మాట కలుపుదురు, అంతకంటె త్వరగా మాట పెంచుదురు. కొత్త యంత్రములు, కొత్త పద్ధతులు మొదటి విషయము, రాజకీయము రెండవది, డబ్బు మూడవది. ఈ వాదములలో పెక్కు ఎక్కడ మొదలైనవో అక్కడనే ముగియును. వాదించువారు తెలివితక్కువవారగుట ఇందుకు కారణము కాదు. మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా ముడివేసి, మూడింటికిని ఒక్క జవాబే చెప్పబూనుట అసలు కారణము.

ఒక నిజమైన తగవును ఎదుట పెట్టుకొని ఈ ముడిని విప్పి చూతము. అది నెల్లూరు తీరమున రొయ్యల గుంటలను గూర్చి జరిగిన తగవు.

తగవు పుట్టుక

1990వ దశకము ప్రారంభమున ఆంధ్ర తీరమున టైగరు రొయ్యల పెంపకము వేగముగా వ్యాపించినది. నెల్లూరు జిల్లాలో కండలేరు క్రీకు వెంబడిని, తీరమునందలి ఇతర ఉప్పునీటి కాలువల వెంబడిని వేలకొలది ఎకరములు గుంటలైనవి. రొయ్య విదేశములకు ఎగుమతి యగు సరుకు. కొందరికి చేతినిండ డబ్బు వచ్చినది. చాలమందికి పని దొరకినది. అదే కాలమున తీరగ్రామములనుండి ఫిర్యాదులు వినవచ్చినవి. త్రాగునీటి బావులు ఉప్పెక్కినవనియు, పక్క పొలములు చౌడుబారినవనియు, మత్స్యకారులు సముద్రపు ఒడ్డునకు పోవు దారి మూసికొనిపోయినదనియు వాటి సారాంశము.

తమిళనాడునకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ ఈ విషయమును సుప్రీంకోర్టు ముందుంచిరి. కోర్టు ఆదేశముపై నాగపూరునందలి జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థవారు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరములను పరిశీలించి నివేదిక నిచ్చిరి. 1996 డిసెంబరు 11న తీర్పు వెలువడినది. తీరనియంత్రణ మండలమున రొయ్యల పరిశ్రమ ఉండరాదనియు, సంప్రదాయ పద్ధతులకు మాత్రము మినహాయింపు గలదనియు, పులికాటు, చిలుకా సరస్సులకు 1,000 మీటర్ల లోపల గుంటలు త్రవ్వరాదనియు, సేద్యపుభూములను, ఉప్పుకొటారులను, మడ అడవులను గుంటలుగా మార్చరాదనియు న్యాయస్థానము ఆజ్ఞాపించెను. పని కోల్పోవు కూలీలకు ఆరు సంవత్సరముల వేతనమును అదనపు పరిహారముగా ఇవ్వవలెననియు చెప్పెను.

తగవు అంతటితో ముగియలేదు. పునఃపరిశీలనకై అర్జీలు పడినవి, కూల్చివేత నిలిచినది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమును చేసెను. 2023లో ఆ చట్టమును సవరించిరి. న్యాయస్థానము, పార్లమెంటు, శాస్త్రజ్ఞులు ఇంతకాలము ఆలోచించిన విషయమును ఇద్దరు ప్రయాణికులు రెండు స్టేషన్ల మధ్య తేల్చివేయబోవుదురు!

మూడు విధముల మాటలపోరు

మన ప్రాచీన న్యాయశాస్త్రము మాటలపోరును మూడు విధములుగా విభజించినది. నిజమును తెలిసికొనుటకై ఇరువురును కలిసి చేయునది వాదము. గెలుపే లక్ష్యముగా చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షమును నిలుపక, ఎదుటివాని మాటను విరుగగొట్టుటయే పనిగా పెట్టుకొన్నది వితండము. వితండవాదమను మాటను నేటికిని మనము వాడుచునే యున్నాము. తక్కిన రెండింటి భేదమును మరచితిమి.

ఈ మాటలు వినుడు.

“అన్నా, మీ గుంటలు వచ్చినాకనే మా బాయి ఉప్పెక్కింది.”

“అబ్బయా, సముద్రం పక్కన బాయి ఉప్పెక్కక తీపెక్కుద్దా?”

రెండవవాని మాట నవ్వు పుట్టించును, కాని జవాబు కాదు. బావి ఎందువలన ఉప్పెక్కినదో అతడు చెప్పలేదు. మొదటివాని మాటయు పూర్తిగా రుజువు కాదు. ‘తరువాత జరిగినది’ అనుట వేరు, ‘దానివలన జరిగినది’ అనుట వేరు. కోడి కూసిన తరువాత తెల్లవారును, కూయుటవలన తెల్లవారదు.

న్యాయశాస్త్రము చెప్పిన మరియొక దోషము ఛలము, అనగా ఒక మాటకు గల రెండర్థములతో ఆడుకొనుట. ‘నవకంబళుడు’ అని ఒకడు కొత్త కంబళి గలవానిని ఉద్దేశించి చెప్పగా, ‘తొమ్మిది కంబళ్ళెక్కడివి?’ అని వేరొకడు అడిగినట్లు శాస్త్రకారులు దృష్టాంతమిచ్చిరి. ‘రొయ్యల పెంపకము తరతరాలుగా ఉన్నదే’ అను మాటలో ఇట్టి ఛలమే కలదు. ఆటుపోటులతో వచ్చిన పిల్లలను కట్టలోపల పెరుగనిచ్చుట సంప్రదాయ పద్ధతి. హేచరీ పిల్లలను దట్టముగా వదలి, మేత వేసి, యంత్రములతో గాలి కొట్టించుట వేరొక పద్ధతి. రెండింటికిని పేరొకటే, ఫలితములు ఒకటి కావు. కనుకనే తీర్పులో ఆ రెండింటిని వేరుపరచిరి.

మొదటి ప్రశ్న: బావి ఎందుకు ఉప్పెక్కినది?

ఇది శాస్త్రమునకు చెందిన ప్రశ్న. దీనిని ఓట్లతో తేల్చరాదు, గొంతుతో తేల్చరాదు, కొలతతోనే తేల్చవలెను.

తీరమున నేలలోపల మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రపునీటి సాంద్రత సుమారు 1.025, మంచినీటిది 1.000. ఈ స్వల్పభేదమువలన, మంచినీటి మట్టము సముద్రమట్టమునకు పైన 1 మీటరు ఉన్నచోట, క్రింద సుమారు 40 మీటర్ల లోతువరకు మంచినీరు నిలువగలదు. ఈ సూత్రమునకు 1889లో హాలండు ఇంజనీరు బాడన్ గైబెన్, 1901లో జర్మనీయుడు హెర్ట్స్‌బెర్గ్ అనువారి పేర్లు వచ్చినవి. లెక్కను తిరుగవేసి చూడుడు. బోర్లతో తోడి మట్టమును 1 మీటరు తగ్గించినచో, అడుగున ఉప్పునీరు కాలక్రమమున 40 మీటర్లు పైకి రాగలదు. ఆ తోడునది వరిపొలమునకైనను, రొయ్యల గుంటలోని ఉప్పును పలుచన చేయుటకైనను నేలకు భేదము లేదు.

కనుక బావి ఉప్పెక్కుటకు కనీసము మూడు కారణములు ఉండవచ్చును: గుంటలోని ఉప్పునీరు పక్కకు ఊరుట, బోర్లవలన అడుగునుండి ఉప్పు పైకి వచ్చుట, తుఫానులో ఉప్పెన నీరు నేలమీద నిలిచి ఇంకుట. వీటిని వేరుచేయు గుర్తులు కలవు. గుంటనుండి ఊరిన ఉప్పు సాధారణముగా లోతు తక్కువగల బావులలో ముందు కనిపించును. గుంటకు దూరమైనకొలది తగ్గును. అడుగునుండి వచ్చు ఉప్పు లోతైన బోర్లలో ముందు తెలియును. ఉప్పెన వలన వచ్చినది ఒక్కసారిగా వచ్చి, వానలు పడినకొలది క్రమముగా తగ్గును. కొన్నిచోట్ల రెండు మూడు కారణములు కలిసియుండును. అప్పుడు వాదించిన ఇరువురి మాటయు కొంతవరకు నిజమే!

బడిపిల్లలు చేయదగిన కొలత

హైస్కూలు ప్రయోగశాలలో దీనిని కొలువవచ్చును. 4.79 గ్రాముల సిల్వర్ నైట్రేటును స్వేదనజలములో కరగించి ద్రావణమును 1 లీటరు చేయుడు. పరీక్షింపవలసిన నీరు 100 ఘనపు సెంటీమీటర్లు తీసికొని, పొటాసియం క్రోమేటు ద్రావణము కొన్ని చుక్కలు వేసిన పసుపురంగు వచ్చును. బ్యూరెట్టునుండి సిల్వర్ నైట్రేటును కొద్దికొద్దిగా విడువుడు. తెల్లని అవక్షేపము ఏర్పడుచుండును. క్లోరైడు అంతయు అయిపోయినంతనే ఇటుకరంగు నిలిచిపోవును. అప్పటికి ఖర్చయిన ఘనపు సెంటీమీటర్లను 10చే గుణించిన, లీటరు నీటిలోని క్లోరైడు మిల్లిగ్రాములలో వచ్చును. నీరు మిక్కిలి ఉప్పనైనచో ముందుగా స్వేదనజలముతో పదింతలు పలుచన చేసి, ఫలితమును పదిచే గుణింపవలెను. ఈ పని ఉపాధ్యాయుని ఎదుటనే జరుగవలెను. సిల్వర్ నైట్రేటు చేతిపై పడిన నల్లమచ్చలు పడును. క్రోమేటు విషము, కనుక చర్మమునకు సోకనీయరాదు, వాడిన ద్రావణములను కాలువలో పోయరాదు.

త్రాగునీటిలో క్లోరైడు లీటరుకు 250 మిల్లిగ్రాములు మించకుండుట మంచిదనియు, వేరు నీరు లేనిచోట 1,000 వరకు ఓర్చుకొనవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. సముద్రపునీటిలో ఇది సుమారు 19,000. అనగా నూరు బిందెల మంచినీటిలో ఐదారు బిందెల సముద్రపునీరు కలిసినంతనే ఆ నీరు త్రాగుటకు పనికిరాదు.

ఒక్క బావిని ఒక్కసారి కొలిచిన చాలదు. గుంటలకు దగ్గర, దూరమున గల బావులను, గుంటలే లేని ఊరి బావులను కూడ కొలువవలెను. నెల్లూరునకు ఎక్కువ వాన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు పడును గనుక, మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి కొలిచి, కొన్ని సంవత్సరములు పట్టికలో వ్రాయవలెను.

రెండవ ప్రశ్న: లాభమెవరికి, ఖర్చెవరికి?

డబ్బును గూర్చి వాదించువారు తరచు ఒక అంకెను చెప్పి ఊరకుందురు. ఊహకు ఒక లెక్క వేయుదము. ఒక గుంటకు పంట బాగుగా వచ్చిన ఏట లాభము 5 లక్షల రూపాయలనుకొనుడు. పక్కనున్న 20 కుటుంబములు త్రాగునీటికై నెలకు 600 రూపాయల చొప్పున ఖర్చుపెట్టిన, ఏటికి 1,44,000. పది ఎకరముల వరి దెబ్బతిని ఎకరమునకు 12,000 చొప్పున తగ్గిన 1,20,000. మొత్తము నష్టము 2,64,000. లాభమే హెచ్చుగా కనబడుచున్నది.

కాని రొయ్యకు తెగుళ్ళు కలవు. 1994-95లో దేశమునకు వచ్చిన తెల్లమచ్చ తెగులు సోకిన గుంటలో రొయ్యలన్నియు 3 మొదలు 10 దినములలో చచ్చిపోగలవు. మూడేండ్లలో ఒక ఏడు తెగులు వచ్చి 4 లక్షల నష్టము కలిగినదనుకొనుడు. అప్పుడు సగటు లాభము ఏటికి 2 లక్షలే. పక్కవారి నష్టము 2,64,000 తీసివేయగా మిగిలినది 64,000 రూపాయల నష్టము! తెగులును గూర్చిన ఒక్క ఊహ మారగా లాభము నష్టమైనది. ఇరువురు వాదించునపుడు ‘నీవు తప్పు’ అనుటకంటె ‘మీరు తెగులును ఎన్నేండ్లకు ఒకసారిగా లెక్కించినారు?’ అని అడుగుట మేలు. భేదమంతయు ఆ ఒక్క అంకెలోనే దాగియుండవచ్చును.

మూడవ ప్రశ్న: నిర్ణయమెవరిది?

లెక్క లాభముగానే తేలినదనుకొందము. అయినను లాభము పొందువాడొకడు, నీళ్ళు కొనువాడొకడు. ఒకని లాభమునకై వేరొకడు బిందె నెత్తికెత్తుకొని రెండు మైళ్ళు నడువవచ్చునా? పరిహారమెంత? ఎవరి అనుమతి కావలెను? గుంటలు మూసిన యెడల కూలీ గతి ఏమి? వీటికి బ్యూరెట్టు జవాబు చెప్పదు. ఇవి న్యాయమునకును, అందరు కలిసి బ్రతుకు రీతికిని సంబంధించిన ప్రశ్నలు. వీటిని పంచాయతీలో, శాసనసభలో, న్యాయస్థానములో తేల్చుకొనవలెను.

ఒక్కొక్క దేశము వీటిని ఒక్కొక్క విధమున తేల్చుకొనును. థాయిలాండులో 1998లో మంచినీటి మండలములందు, వరిపొలముల నడుమ, రొయ్యల పెంపకమును నిషేధించిరి. మనదేశమున 2005నాటి చట్టము, పోటుగీతనుండి 200 మీటర్ల లోపల కొత్త గుంటలకు అనుమతి నిరాకరించుచు, దాని వెలుపల నియమములతో అంగీకరించినది. కొలతలు తెలిసిన తరువాతనే ఇట్టి నిర్ణయము సరిగా జరుగును. అయినను కొలతలే నిర్ణయము కావు.

వాదించువారికి నాలుగు నియమములు

మొదటిది, ప్రశ్నను విడదీయుడు: ఇది కొలువదగినదా, లెక్కింపదగినదా, నిర్ణయింపదగినదా? రెండవది, మాటకు అర్థమును ముందే ఒప్పుకొనుడు. మూడవది, ఏ కొలత వచ్చిన నా అభిప్రాయమును మార్చుకొందునో కొలువకముందే చెప్పుడు. ఎదుటివారినికూడ చెప్పుమని కోరుడు. ఏ కొలత వచ్చినను మారనన్నవారితో చేయునది జల్పమే గాని వాదము కాదు. నాలుగవది, ఎదుటివాని మాటను అతడు ‘ఔను, ఇదే నా మాట’ అనునట్లు తిరిగి చెప్పి, ఆపైన ఖండించుడు. పరిచయములేనివారి విషయమున ఇది మరింత అవసరము. అతని బావి ఎక్కడిదో, అతని అప్పు ఎంతో మనమెరుగము.

ఉపాధ్యాయులు తరగతిని రెండు పక్షములుగా చేసి ఈ తగవును వాదింపజేయవచ్చును. అరగంట గడచిన పిదప పక్షములను తారుమారు చేయవలెను. గుంటల పక్షమున మాట్లాడిన బాలుడు బావి పక్షమునకు వచ్చినపుడు, తాను ఇంతకుముందు ఏ ప్రశ్నను దాటవేసెనో అతనికే తెలియును. తీరగ్రామముల పాఠశాలలవారు ఒక అడుగు ముందుకు వేసి, తమ ఊరి బావుల పట్టికను ఏటేట వ్రాసి గోడకు తగిలింపవచ్చును. రేపు ఊరిలో తగవు వచ్చిననాడు, గుంటవారికిని బావివారికిని ఉభయులకు నమ్మదగిన సాక్షి ఆ పట్టికయే.