వేడెక్కాకే పేలే ఇంజను

పిఠాపురం నుంచి కొత్తపల్లి మీదుగా ఉప్పాడ చేరేసరికి ఎప్పుడూ ముందు వినబడేది సముద్రపు హోరు. ఆ రోజు దాన్ని మించి ఒక ఇంజను వినబడింది. బడబడమని నిలకడగా నడుస్తూ, ఉన్నట్టుండి ‘ఠాప్’మని తుపాకీ పేలినట్టు కొట్టి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడుస్తోంది. జూన్ మొదటి వారం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి వలలకూ ఇంజన్లకూ మరమ్మతులు జరిగేది అప్పుడే.

ఆ పడవలో ఉన్నది పొలాల్లో నీళ్ళు తోడే పంపుసెట్టు ఇంజను. ఒకటే సిలిండరు. పెట్రోలుతో మొదలెట్టి, వేడెక్కాక కిరోసిన్ మీదికి మార్చే రకం. దాన్ని పడవ లోపల ఒక చెక్క పెట్టెలో బిగించారు. పిఠాపురం నుంచి వచ్చిన మేస్త్రి దాని పక్కన గొంతుక్కూచుని వింటున్నాడు.

“నిన్న మీ కొట్టుకి తీసుకొస్తే గంట నడిచింది, ఒక్కసారి కొట్టలేదు మేస్త్రీ. ఇక్కడికొచ్చాక మళ్ళీ మొదలు,” అన్నాడు పడవాయన.

“కొట్టులో పెట్టె లేదు కదా బాబాయ్,” అన్నాడు మేస్త్రి.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది. ఎప్పుడూ ఉండే జబ్బు కన్నా వచ్చిపోయే జబ్బు కనిపెట్టడం కష్టం. చూడబోతే ఉండదు. అందుకే అనుభవం ఉన్నవాడు ముందు స్పానర్ పట్టడు. ఎప్పుడు కొడుతోంది, ఎటునుంచి కొడుతోంది అని అడుగుతాడు.

ఎటునుంచి అన్నదాంట్లో సగం జవాబు ఉంది. కార్బురేటర్ వైపు నుంచి తుమ్మినట్టు కొడితే, ఇన్లెట్ వాల్వు తెరుచుకునే వేళకి సిలిండర్లో ఇంకా నిప్పు ఉందన్నమాట. ఇంధనం చాలని మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది, అదొక కారణం. వాల్వు సరిగ్గా మూసుకోకపోవడం ఇంకొకటి. సైలెన్సర్ వైపు నుంచి పేలితే కథ వేరు. ఒక విడత ప్లగ్గు మెరవలేదు. కాలని ఇంధనం అలాగే సైలెన్సర్లోకి పోయి కూచుంది. తర్వాతి విడత వచ్చిన వేడి పొగ దాన్ని అంటించింది. ఉప్పాడ ఇంజను కొడుతున్నది సైలెన్సర్లోనే. అంటే ఎక్కడో నిప్పురవ్వ తప్పిపోతోంది.

ఈ నిప్పురవ్వది పెద్ద చరిత్ర. పారిస్‌లో రుమ్‌కార్ఫ్ అనే పరికరాల తయారీదారు 1851 ప్రాంతంలో ఒక తీగచుట్టను తీర్చిదిద్దాడు. బ్యాటరీ కరెంటును టక్కున తెంచితే, రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి రవ్వ ఎగురుతుంది. చిక్కల్లా ఆ తెంచే చోటే, అంటే కలుస్తూ విడిపోయే రెండు లోహపు పాయింట్ల దగ్గరే. కరెంటుకు ఆగిపోవడం ఇష్టం ఉండదు, తెరుచుకుంటున్న పాయింట్ల సందులోంచే దూకేస్తుంది. అక్కడ మెరుపు ఖర్చయిపోతే అసలు చోట మిగిలేది బలహీనమైన రవ్వే. 1853లో ఫిజో దీనికి మందు కనిపెట్టాడు. భూమ్మీదే కాంతి వేగాన్ని 1849లో కొలిచిన ఫిజో ఈయనే. పాయింట్లకు అడ్డంగా ఒక కండెన్సర్ కలపమన్నాడు. పాయింట్లు తెరుచుకున్న క్షణాన ఎగదన్నే కరెంటు అందులోకి పోతుంది, తెగడం శుభ్రంగా తెగుతుంది. అప్పటికి పెట్రోలు ఇంజను అనేదే ఇంకా లేదు! 1860లో లెన్వార్ అనే ఆయన తన గ్యాస్ ఇంజనులో నిప్పు పెట్టడానికి రుమ్‌కార్ఫ్ చుట్టనే వాడుకున్నాడు.

పెట్రోలు ఇంజను పడవెక్కిన సంగతి 1886ది. డైమ్లర్, మైబాక్ అనే ఇంజనీర్లు కలిసి జర్మనీలో నెకర్ నది మీద ఒక మోటారు పడవ నడిపారు. నీళ్ళ మధ్య పెట్రోలు పేలుతుందేమోనని జనం హడలిపోతారని, అది కరెంటు పడవ అనుకునేలా డైమ్లర్ పింగాణీ గుబ్బలూ తీగలూ కట్టించాడని చెబుతారు. నిజానికి అందులో రవ్వే లేదు. ఎర్రగా కాల్చిన ఒక గొట్టం మిశ్రమాన్ని అంటించేది. సరిగ్గా ఇదే పని ఇప్పటి ఇంజన్లలో అక్కర్లేకపోయినా జరుగుతూ ఉంటుంది. సిలిండర్లో పేరుకున్న మసి ఎర్రబడి, రవ్వ కన్నా ముందే అంటిస్తుంది. కిరోసిన్ మీద నడిచేవాటికి ఈ మసి మరీ ఎక్కువ. ఇక రవ్వ సంగతికొస్తే, 1902లో బాష్ కంపెనీలో హోనోల్డ్ హైటెన్షన్ మాగ్నెటో తయారుచేశాక బ్యాటరీ కూడా లేకుండా ప్లగ్గుకు గట్టి రవ్వ దొరికింది. పంపుసెట్టు ఫ్లైవీల్‌తో పాటు తిరిగే అయస్కాంతం ఆ వంశంలోదే.

జనం భయం మాత్రం ఉత్తది కాదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పొలంలో అయితే చెదిరిపోతుంది, పడవలో అడుక్కి దిగి అక్కడే నిలవుంటుంది. కార్బురేటర్ ఒక్కసారి తుమ్మితే చాలు. అందుకే అమెరికాలో 1940 చట్టం పడవ లోపల బిగించే పెట్రోలు ఇంజన్ల కార్బురేటర్‌కు మంటను ఆపే జాలీ తప్పనిసరి చేసింది. ఆ జాలీ పుట్టింది బొగ్గు గనుల కోసం. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో పేలుడుకు 92 మంది పోయారు. 1815లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ గని దీపం చుట్టూ సన్నని తీగ వల కట్టాడు. చదరపు అంగుళానికి 784 కన్నాలు. మంట ఆ కన్నాల్లోంచి దూరబోతే లోహం వేడిని లాగేస్తుంది, మంట అవతలికి దాటదు. డేవీ దానికి పేటెంటు తీసుకోలేదు. ఒక మనిషి గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదనిపిస్తుంది నాకు.

ఉప్పాడలో మన మేస్త్రి కూడా ముందు చేసింది పెట్టె మూత తీసి, అడుగున చెయ్యి పెట్టి, వాసన చూడటం. తర్వాత ట్యాంకు అడుగు నుంచి కాస్త ఇంధనం గాజు సీసాలోకి పట్టి ఎండకెదురుగా ఎత్తాడు. నీళ్ళుంటే కింద గీత గీసినట్టు విడిగా కనబడతాయి. లేవు. ప్లగ్గు వైరు కొసన పచ్చటి చిలుము పట్టింది, ఉప్పుగాలి పని. గీకి, బిగించి, మళ్ళీ నడిపాడు. ఇరవై నిమిషాలు బాగానే ఉంది. పెట్టె మూత మీద చెయ్యి పెట్టలేనంత కాలాక, మళ్ళీ ‘ఠాప్’.

డీజిలు ఇంజనయితే ఈ వెతుకులాట ఉండేది కాదు. అందులో రవ్వే ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అది తడబడితే డీజిలు పైపులో గాలి చేరిందా, నాజిల్ పాడైందా అని చూస్తారు.

మేస్త్రి ఫ్లైవీల్ ఊడదీశాడు. పాయింట్ల మొహాలు నల్లగా కాలి, ఒకదాని మీద గుంట, రెండోదాని మీద బుడిపె. అది చూడగానే తలూపాడు. పక్కనే వేలి కొసంత డబ్బా, ఫిజో చెప్పిన కండెన్సరే. లోపల రెండు పల్చటి రేకుల మధ్య ఉన్న పొర పాతబడితే, వేడికి కరెంటు కారడం మొదలెడుతుంది. చల్లారితే మళ్ళీ మామూలే. కొట్టులో గాలి తగిలి బాగానే పనిచేసింది. మూసిన పెట్టెలో ఉడికిపోయింది.

పాయింట్లు సానపెట్టి, సందు సరిచేసి, పాత కండెన్సర్ వైరు విడదీశాడు. కొత్తది ఫ్లైవీల్ కింద పెట్టకుండా, పొడుగు వైరుతో పెట్టె బయటికి తెచ్చి, గాలి తగిలే చోట ఇంజను ఇనుముకి ఆనించిన పట్టీకి బిగించాడు. పెట్టె చెక్కకి రెండు పక్కలా గుప్పెడేసి కన్నాలు తొలిపించాడు. మూత వేసి ఇంజను లాగాడు.

గంటంబావు నడిచింది. పడవాయన మూత మీద చెయ్యి పెట్టి, వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టి, చెవి దగ్గరగా వంచి కూచున్నాడు. చీకటి పడుతుండగా మేస్త్రి ఇంజను ఆపితే, అప్పుడు కెరటాలు వినబడ్డాయి.

“పాతది ఇటిచ్చెయ్ మేస్త్రీ,” అని ఆ డబ్బాని అడిగి తీసుకుని లుంగీ మడతలో దోపుకున్నాడు. నిషేధం తీరడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.