సెలవులకు రండి, పాలు కాచి తాగండి



అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు చదివినవారికి మెలితే ద్వీపం గుర్తుండే ఉంటుంది. ఓడ పగిలి 276 మంది ప్రాణాలతో ఒడ్డుకు చేరిన చోటు అది. ద్వీపవాసులు వానలో, చలిలో మంట వేసి వారిని చేర్చుకున్నారు. పౌలు అక్కడ మూడు నెలలు ఉన్నాడు. జ్వరంతో, రక్తభేదితో పడివున్న పొప్లి తండ్రిని ప్రార్థించి స్వస్థపరచాడు.

ఆ మెలితేనే ఇప్పుడు మాల్టా అంటున్నారు. మధ్యధరా సముద్రంలోని ఈ చిన్న దేశానికీ, దాని పక్కనే ఉన్న ప్రశాంతమైన గోజో ద్వీపానికీ యూరప్ కుటుంబాలు విశ్రాంతి కోసం వెళ్తుంటాయి.

అంత చక్కని చోటు పేరు ఒక జబ్బుకు కూడా వచ్చింది. అదే మాల్టా జ్వరం. అక్కడి బ్రిటిష్ సైనికులు నెలల తరబడి దానితో తీసుకునేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ క్రిమిని కనుగొన్నాడు. అది మనుషులకు ఎలా వస్తుందో మాత్రం 1905 వరకు తెలియలేదు. ఆ ఏడు మాల్టా వైద్యుడు జమ్మిత్ మేకలను పరీక్షించగా, పైకి ఆరోగ్యంగా కనిపించే మేకల్లోనే క్రిమి ఉన్నట్టు తేలింది. 1906లో సైనికులకు మేకపాలు ఆపేశాక జ్వరాలు బాగా తగ్గిపోయాయి. ఈ జబ్బును బ్రూసెల్లోసిస్ అంటారు.

మాల్టా మనకు దూరమే గానీ మేకలు దూరం కాదు. అర్ధవీడు చుట్టుపక్కల గొర్రెలు, మేకలు, గేదెలు ఉన్న ఇళ్ళు ఎన్నో. సెలవులకు పిల్లలు పట్నం నుండి అమ్మమ్మగారింటికి వస్తారు. "గుమ్మపాలు తాగితే బలం నాయనా" అని పొదుగు దగ్గరే గ్లాసు అందిస్తాం. ఇచ్చేది ప్రేమతోనే. కానీ క్రిమి కంటికి కనబడదు.

వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు, నీరసం దీని లక్షణాలు. పాలు తాగిన కొన్ని వారాలకు గానీ బయటపడకపోవచ్చు. అప్పటికి పిల్లలు పట్నం వెళ్ళిపోయి ఉంటారు. టైఫాయిడ్ అనో, మలేరియా అనో పొరబడే అవకాశం ఉంది. కాబట్టి జ్వరం తగ్గకపోతే, పచ్చిపాలు తాగిన సంగతి, మేకల దగ్గర తిరిగిన సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. రక్తపరీక్షతో తెలుస్తుంది. మందులు సాధారణంగా ఆరు వారాలైనా వాడాలి. మధ్యలో మానేస్తే జ్వరం తిరగబెడుతుంది.

సెలవు వద్దని నేను అనడం లేదు. ఒక పూట సద్ది కట్టుకుని అందరూ కలిసి కంభం చెరువుకు వెళ్ళిరండి. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్టిన ఈ పాత చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఆ గాలికి మనసు తేలికపడుతుంది.

ఈ జాగ్రత్తలు మరువకండి:

1. ఏ పాలైనా పొంగు వచ్చేలా కాచి తాగండి.
2. నెలలు నిండకుండా పిల్లను వేసిన గొర్రె, మేక దగ్గరకు పిల్లలను పోనివ్వకండి. మాయను వట్టి చేతులతో ముట్టకండి.
3. బి.పి., షుగరు మందులు వెంట తీసుకెళ్ళండి. మందులకు సెలవు లేదు.
4. పిల్లలను నీళ్ళలోకి ఒంటరిగా దిగనివ్వకండి.
5. ఆ రోజు గిన్నెలు మగవారు, పిల్లలు కడగండి. అమ్మకూ అది సెలవే కావాలి.

అలసిన శిష్యులను కొంతసేపు విశ్రమించమని ప్రభువే చెప్పినట్టు మార్కు సువార్త 6వ అధ్యాయంలో చదువుతాం. విశ్రాంతి సోమరితనం కాదు. ఆరోగ్యంగా వెళ్ళి ఆరోగ్యంగా తిరిగి రండి. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్