జైలు గేటు దాటాక మాత్రలెవరిస్తారు?

అపోహ: మతిస్థిమితం లేదని తేలితే చాలు, నేరం చేసినా ఇంటికెళ్లిపోవచ్చు.

వాస్తవం: ఇది సినిమాల చలవ. ఆ కారణంతో నిర్దోషి అని తీర్పిచ్చినా కోర్టు అలా వదిలేయదు. భద్రమైన సంరక్షణలో ఉంచమంటుంది, లేదా పూచీకత్తు రాయించుకుని బంధువులకు అప్పగిస్తుంది. ఒక్కోసారి తీర్పు కూడా రాకుండానే, పడాల్సిన శిక్ష కన్నా నిర్బంధమే ఎక్కువవుతుంది. అస్సాంకు చెందిన మచల్ లాలుంగ్‌ను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రిలో పెట్టారు. 1967లోనే డాక్టర్లు అతను బాగున్నాడని రాసిచ్చారు. ఎవరూ పట్టించుకోలేదు. విచారణే లేకుండా 54 ఏళ్లు గడిచాక, 2005లో ఒక్క రూపాయి పూచీకత్తు మీద బయటికొచ్చాడు.

అపోహ: జైల్లో నయమైంది కదా, ఇంకా మందులెందుకు?

వాస్తవం: ఎక్కువగా కొంప ముంచేది ఇదే. జైల్లో వేళకు పిలిచి మాత్రలిచ్చేవాళ్లుంటారు. బెయిలు కాగితం సాయంత్రం అందిందంటే ఆ హడావుడిలో బట్టల మూట చేతికొస్తుంది, మందుల చీటీ రాదు. మాత్రలు మానేసిన మర్నాడే ఏమీ కాదు. అందుకే ఇంట్లోవాళ్లు ‘బానే ఉన్నాడుగా’ అనుకుంటారు. కొన్ని వారాలకు నిద్ర తగ్గుతుంది, అనుమానాలు మొదలవుతాయి, మళ్లీ గొడవ, మళ్లీ పోలీసులు. విడుదలకు ముందే జైలు డాక్టరు దగ్గర చికిత్స కాగితాల నకలు అడగండి. నెలకోసారి ఇచ్చే సూది అయితే తర్వాతి తేదీ రాయించుకోండి. ఆ కాగితాలతో ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగానికి వెళితే మందు మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు. దారి తోచకపోతే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఉచిత న్యాయసహాయానికి 15100.

అపోహ: మానసిక జబ్బున్నవాళ్లు ఎప్పుడు ఎవరి మీద పడతారో చెప్పలేం.

వాస్తవం: మానసిక జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు, దెబ్బలు తినేదే ఎక్కువ. చికిత్స ఆగి, దానికి మద్యం తోడైతే ముప్పు పెరిగే మాట నిజం. ‘ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపండి’ అన్న ఎగతాళి మాత్రం ఏ జబ్బునూ తగ్గించదు.

అపోహ: ఇంట్లోవాళ్లు రానివ్వకపోతే ఆసుపత్రే గతి.

వాస్తవం: కుటుంబం కాదన్నదనో ఇల్లు లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. సమాజంలో బతికే ఏర్పాటు ప్రభుత్వమే చూడాలి. అలాంటి వసతి గృహాలు మనకు బొత్తిగా చాలవు, ఒప్పుకోవాల్సిందే. ఈలోగా చేతనైన పని ఒకటుంది: వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తెచ్చుకోవడం. మానసిక రుగ్మత కూడా వైకల్యం కిందికే వస్తుంది, 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తుకు ఆధార్ కావాలి కాబట్టి, అది పోయి ఉంటే ముందు దాని సంగతి చూడండి.