నైట్రోసెల్యులోజ్ ఉష్ణవియోగం: ఉష్ణమాపన పద్ధతులు, పరిమితులు

1. ఉపోద్ఘాతం

2015 ఆగస్టు 12 రాత్రి చైనాలోని తియాన్‌జిన్ ఓడరేవులో ప్రమాదకర రసాయనాల గిడ్డంగి పేలి 165 మంది మరణించారు. 8 మంది ఆచూకీ దొరకలేదు. కంటైనర్‌లోని నైట్రోసెల్యులోజ్‌ను తడిగా ఉంచే ద్రవం ఆవిరైపోగా, ఎండవేడికి అది తనంతట తానే వేడెక్కి మండిందని అధికారిక విచారణ తేల్చింది. బయటి నిప్పు సోకకుండా జరిగే ఇటువంటి మార్పును ముందుగా అంచనా వేయడంలో ఉష్ణమాపనం పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది.

2. వేడి రాక, పోక

నైట్రోసెల్యులోజ్‌లోని ఆక్సిజన్-నైట్రోజన్ బంధం బలహీనమైనది. సాధారణ ఉష్ణోగ్రతలోనూ అతి నెమ్మదిగా వియోగం జరిగి వేడి, నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడతాయి. ఆ ఆక్సైడ్లే వియోగాన్ని మరింత వేగవంతం చేస్తాయి. ఇది స్వయం ఉత్ప్రేరణ. పుట్టే వేడి ఉష్ణోగ్రతతోపాటు ఘాతాంక రీతిలో పెరుగుతుంది. బయటికి పోయే వేడి ఉష్ణోగ్రతల తేడాకు అనులోమంగానే పెరుగుతుంది. రాక పోకను మించితే విస్ఫోటం తప్పదని 1928లో సెమెనోవ్ సిద్ధాంతీకరించాడు. కాబట్టి ప్రమాదకర ఉష్ణోగ్రత పదార్థాన్ని బట్టే కాక, రాశి పరిమాణాన్ని బట్టి కూడా మారుతుంది.

3. కొలిచే విధానం

భేదాత్మక స్కానింగ్ కెలోరిమాపకంలో కొన్ని మిల్లీగ్రాముల నమూనాను, ఖాళీ పాత్రను ఒకే రేటుతో వేడిచేస్తారు. వాటి ఉష్ణప్రవాహాల తేడా రేఖాపటంపై శిఖరంగా కనిపిస్తుంది. వేడిచేసే రేటు పెరిగేకొద్దీ శిఖరం అధిక ఉష్ణోగ్రత వైపు జరుగుతుంది. ఈ జరుగుదల నుండి ఉత్తేజన శక్తిని లెక్కించే పద్ధతిని 1957లో కిసింజర్ ప్రతిపాదించాడు.

4. పరిమితి

నైట్రోసెల్యులోజ్ శిఖరం సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద వస్తుంది. గిడ్డంగిలో ఉండేది 40 డిగ్రీలు. ఉత్తేజన శక్తి విలువలో మోల్‌కు 10 కిలోజౌళ్ల తేడా వచ్చినా, 200 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు అంచనా కట్టేసరికి వియోగ వేగం సుమారు 3.7 రెట్లు తప్పుతుంది. అంటే ఏడాది మన్నే సరుకు మూడున్నరేళ్లకు పైగా మన్నుతుందని లెక్క తేలవచ్చు. అందుకే నిల్వ ఉష్ణోగ్రతకు చేరువలో, మైక్రోవాట్లను పసిగట్టే పరికరాలతో రోజుల తరబడి కొలుస్తారు. నైట్రోసెల్యులోజ్ ఆధారిత ప్రొపెల్లెంట్లకు వర్తించే నాటో ప్రమాణం 4582 ప్రకారం, 80 డిగ్రీల వద్ద 10.6 రోజులపాటు ఉష్ణప్రవాహం గ్రాముకు 114 మైక్రోవాట్లు మించకూడదు. అప్పుడే ఆ సరుకు 25 డిగ్రీల వద్ద పదేళ్లు స్థిరంగా ఉంటుందని పరిగణిస్తారు.

5. ముగింపు

ఉష్ణమాపన ఫలితం కొలిచిన నమూనా స్థితికే వర్తిస్తుంది. తడి నమూనాపై పొందిన భరోసా ఎండిన సరుకుకు చెల్లదు. తియాన్‌జిన్‌లో మారింది ఆ స్థితే. అందువల్ల కొలత ఎంత సూక్ష్మమైనదైనా, ఆ స్థితిని గిడ్డంగిలో కాపాడినంతవరకే అది రక్షణనిస్తుంది.