లైటు వెలుగుతోంది, మరి బండి కదలదేం?

వడ్ల కొనుగోళ్ళ రోజుల్లో చొప్పదండి వైపు వెళ్తే, ధాన్యం బస్తాలతో బారులు తీరిన ట్రాక్టర్లు కనిపిస్తాయి. తన వంతు వచ్చేదాకా డ్రైవరుకు పొద్దుపోవాలి కదా! పాటలు పెట్టుకుంటాడు. చీకటి పడితే లైటు వేసుకుంటాడు. తీరా వంతు వచ్చాక సెల్ఫ్ కొడితే ఇంజను లేవదు. టక్, టక్, టక్‌మని చప్పుడు మాత్రం వస్తుంది. "బ్యాటరీ దిగింది" అంటారు చుట్టుపక్కల వాళ్ళు. డ్రైవరు ఒప్పుకోడు. "దిగితే లైటెట్ల వెలుగుతది? హారనెట్ల మోగుతది?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

ప్రశ్న న్యాయమైనదే. ట్రాక్టరుకే కాదు, కారుకూ జీపుకూ కూడా ఇదే వర్తిస్తుంది. దీనికి జవాబు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని ఓమ్ సూత్రంలోనే ఉంది.

ముందు బ్యాటరీ లోపలికి తొంగిచూద్దాం. అందులో ఆరు అరలుంటాయి. ఒక్కొక్క అరలో సీసపు పలకలు, సీసపు డయాక్సైడు పూసిన పలకలు గంధకికామ్లంలో మునిగి ఉంటాయి. ఈ ఏర్పాటును 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టాడు. అర ఒక్కింటికి 2.1 వోల్టుల చొప్పున ఆరింటికీ 12.6 వోల్టులు వస్తాయి. 12 వోల్టుల బ్యాటరీ అని మనం పిలిచేది దీన్నే. కరెంటు వాడుకుంటున్నకొద్దీ రెండు రకాల పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. ఆమ్లం ఖర్చయి, ద్రవం నీళ్ళబడుతుంది. మెకానిక్ హైడ్రోమీటరు ముంచి చూసేది దీన్నే. నిండుగా ఉన్న బ్యాటరీలో ద్రవం సాంద్రత నీటికి సుమారు 1.27 రెట్లుంటుంది. దిగిపోయినదానిలో 1.12 దగ్గరకు పడిపోతుంది.

చిత్రమేమిటంటే, ఇంత జరిగినా వోల్టుమీటరు పెద్దగా తగ్గదు. సగం ఖాళీ అయిన బ్యాటరీ కూడా ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడు సుమారు 12.2 వోల్టులు చూపిస్తుంది. నిండుకూ సగానికీ తేడా అర వోల్టు కంటే తక్కువే! డ్రైవరును మోసం చేసేది ఇదే.

అసలు మార్పు బ్యాటరీ అంతర్నిరోధంలో ఉంటుంది. పలకల మీద సల్ఫేటు పేరుకుని, ఆమ్లం పల్చబడితే లోపలి నుంచి కరెంటు బయటికి రావడం కష్టమవుతుంది. పాతబడిన బ్యాటరీలో ఇది మరీ ఎక్కువ. లెక్క సులువుగా ఉండేందుకు ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ అంతర్నిరోధం 0.01 ఓమ్ అనీ, నీరసించినదానిది 0.05 ఓమ్ అనీ అనుకుందాం. రెండు హెడ్‌లైట్లకు కలిపి 10 ఆంపియర్లు చాలు. నీరసపు బ్యాటరీలో 10ని 0.05తో గుణిస్తే అర వోల్టు లోపలే పోతుంది. ఇంకా 11.7 వోల్టులు మిగిలాయి. లైటుకు తేడాయే తెలియదు. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ను తిప్పే స్టార్టర్ మోటారుకు 100 ఆంపియర్లు, కొన్ని బండ్లలో అంతకంటే చాలా ఎక్కువ కావాలి. 100ని 0.05తో గుణిస్తే 5 వోల్టులు. మిగిలింది 7.2! మంచి బ్యాటరీలో అయితే ఒక్క వోల్టే పోయేది.

ఇంట్లో నీళ్ళ మోటారు వేయగానే బల్బు ఒక్క క్షణం మసకబారడం మీరు చూసే ఉంటారు. తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఏ మోటారైనా మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. పొలాల్లో అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే లోవోల్టేజీ వచ్చేదీ ఇలాగే. అక్కడ వైర్లలోనూ ట్రాన్స్‌ఫార్మరులోనూ జరిగే నష్టం, ఇక్కడ బ్యాటరీ కడుపులో జరుగుతోంది.

సరే, మరి ఆ టక్ టక్ ఏమిటి? బడిగంట ఎలక్ట్రిక్ బెల్లయితే అది ఎలా పనిచేస్తుందో గుర్తు తెచ్చుకోండి. తాళంచెవి తిప్పగానే ముందు సొలినాయిడ్ అనే విద్యుదయస్కాంతం ఒక ఇనుప కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ వెళ్ళి రెండు లావుపాటి రాగి కొనలను కలుపుతుంది. అప్పుడు మోటారుకు కరెంటు అందుతుంది. అందిన మరుక్షణమే వోల్టేజీ కుంగుతుంది. అయస్కాంతం బలం తగ్గుతుంది. స్ప్రింగు కడ్డీని వెనక్కి నెడుతుంది, రాగి కొనలు విడిపోతాయి. భారం తగ్గగానే వోల్టేజీ తేరుకుంటుంది. అయస్కాంతం మళ్ళీ లాగుతుంది. అచ్చం ఎలక్ట్రిక్ బెల్లు ఆటే! అక్కడ గంట కొట్టుకుంటుంది, ఇక్కడ కడ్డీ కొట్టుకుంటుంది.

పాత ట్రాక్టరులో కథ ఇంతటితో సరి. ఇప్పటి కార్లలో అలా కాదు. ఇంజనుకొకటి, బ్రేకులకొకటి, స్టీరింగుకొకటి, తలుపులకొకటి చొప్పున చిన్నచిన్న కంప్యూటర్లుంటాయి. అవి వైర్ల మీదుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చే కుంగుబాటును ఓర్చుకునేలాగే వాటిని తయారు చేస్తారు. కాని ఓర్పుకూ హద్దుంటుంది. ఆరేడు వోల్టులకు దిగువన ఒకటి నిద్రలోకి జారుకుంటే ఇంకొకటి మేలుకునే ఉంటుంది. మేలుకున్నది పిలిస్తే నిద్రపోయినది పలకదు. పలకని ప్రతిదానికీ ఒక హెచ్చరిక దీపం వెలుగుతుంది! మీటరు బోర్డు మీద దీపావళి మొదలవుతుంది. ముళ్ళు ఎగిరెగిరి పడతాయి, గడియారం మొదటికొస్తుంది. ఒక్క నొక్కుకే పైదాకా లేచే కిటికీ అద్దం ఆ విద్య మరిచిపోతుంది.

ఇది చూసి బ్రేకు చెడిందనో మీటరు మార్చాలనో హడావుడి పడేవారున్నారు. అది డబ్బు దండగ. ముందు చూడవలసినది బ్యాటరీని, దాని కొనలను. కొనల దగ్గర తెల్లగానో పచ్చగానో బూజులాంటిది పట్టినా, బిగింపు వదులైనా నిరోధం పెరిగి ఇవే వేషాలు కనిపిస్తాయి. బ్యాటరీ బాగుపడి కాస్త దూరం నడిచాక చాలా దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. అప్పటికీ ఆరనిదుంటే దానికి నిజంగా వైద్యం కావాలి.

బ్యాటరీ దిగడానికి లైటు మరిచిపోవడమే అక్కరలేదు. తాళం వేసి నిలబెట్టిన కారు కూడా దొంగల అలారానికీ గడియారానికీ కొద్దికొద్దిగా కరెంటు ఇస్తూనే ఉంటుంది. అది 0.05 ఆంపియరే అనుకోండి. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లయితే పదిహేను రోజుల్లో సగం హారతి కర్పూరం! దిగిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జి చేసినా పూర్తిగా కరగదు.

ఇక మన ఎండలు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ఇంజను పక్కన ఇంకా ఎక్కువ. ఆ వేడికి బ్యాటరీలో నీరు ఇగిరిపోతుంది, పలకల లోపలి సీసపు చట్రం తరుగుతుంది. కాని అప్పుడు బండి బాగానే లేస్తుంది. ఎందుకంటే వేడిలో రసాయనిక చర్య చురుకుగా సాగుతుంది. డిసెంబరు వచ్చి, ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు పడిపోయినప్పుడు ఆ చర్య మందగిస్తుంది, ఇంజను ఆయిలు చిక్కబడుతుంది. దెబ్బ వేసవిది, నింద చలికాలానికి!

బండిని మళ్ళీ లేపడానికి ఇంకో బండి బ్యాటరీ సాయం తీసుకోవడం మామూలే. ఇది పెద్దవాళ్ళు చేయవలసిన పని. మీరు దూరంగా ఉండి వరస సరిగ్గా ఉందో లేదో చూడండి. ఎర్ర కేబులును దిగిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు కలపాలి. నల్ల కేబులును మంచి బ్యాటరీ మైనస్‌కు కలిపి, రెండో కొనను మాత్రం దిగిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజను మీద రంగులేని ఇనుముకు తగిలించాలి. ఎందుకంటే చివరి కొన తగిలేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. ఛార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళున్నా అంటుకోగలదు. రవ్వ బ్యాటరీ దగ్గర లేస్తే పెట్టె పగిలి ఆమ్లం కళ్ళలో పడవచ్చు. ఊడదీసేటప్పుడు వరస తలకిందులు. దారిన పోయే లారీనో బస్సునో సాయం అడగకండి. వాటిలో మామూలుగా ఉండేది 24 వోల్టులు. అది తగిలితే కారులోని కంప్యూటర్లు మాడిపోతాయి.

నెట్టి లేపడం మాటేమిటి? డీజిలు ట్రాక్టరులో మంట రగలడానికి నిప్పురవ్వ అక్కరలేదు, గాలిని నొక్కితే వచ్చే వేడి చాలు. అందుకే తెలివైన డ్రైవరు బండిని మిట్ట మీద ఆపుతాడు. 1912లో కాడిలాక్ కంపెనీ ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరుతో కార్లు అమ్మేదాకా మోటారు బండ్లను ఎక్కువగా హ్యాండిలుతోనే తిప్పేవారు. అది ఎదురు తన్ని మణికట్లు విరిగేవి. ఇప్పటి కారులో ఇంధనాన్ని చిమ్మడానికి కూడా కంప్యూటరు మేలుకుని ఉండాలి. బ్యాటరీ పూర్తిగా దిగితే ఎంత నెట్టినా ఫలితం లేదు. ఆటోమేటిక్ గేరు బండి అసలే లేవదు.

బ్యాటరీతోనే నడిచే ఎలక్ట్రిక్ కారుకు ఈ బాధ ఉండదనుకుంటున్నారా? వందల వోల్టుల పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్చులను పనిచేయించేది అందులోనూ ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది దిగితే, కింద పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, కారు ఉన్నచోటే ఉంటుంది.