కత్తి పట్టిన యతి

సింహాచలం వెళ్లి అప్పన్నకు దండం పెట్టుకుని వచ్చేవాళ్లలో కళింగనేలిన గాంగుల నాటి శాసనాల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. మధ్వ యతి నరహరి తీర్థుల పేరు ఆ రాళ్ల మీద ఉంది. 2024లో ఆ గుడిలోనే సుమారు మూడడుగుల శిల్పం ఒకటి ఆయనదేనని పరిశోధకులు గుర్తించారు. తాళపత్రాలు పట్టుకుని బోధిస్తున్న సన్యాసి రూపం అది.

ఆయన కత్తి సంగతి తెలియాలంటే మాత్రం శ్రీకూర్మం పోవాలి. అక్కడి 1281 నాటి సంస్కృత శాసనం ముందుగా ఆయన గురువు ఆనందతీర్థులను, అంటే మధ్వాచార్యులను కీర్తిస్తుంది. తర్వాత శిష్యుడి ఘనత చెబుతుంది: నరహరి కళింగ ప్రజలను ధర్మం తప్పక ఏలాడట, శబరుల దాడి నుంచి కూర్మనాథుని గుడిని ఖడ్గం పట్టి కాచాడట, యోగానంద నరసింహుడికి గుడి కట్టించాడట. పొగడ్త పాలు తీసేసినా, కాషాయం కట్టినవాడి చేతిలో అధికారం ఉందన్నది మిగులుతుంది.

మధ్వ సంప్రదాయం కథ వేరు. కళింగ రాజుల ఖజానాలోని మూలరాముడి, సీతమ్మ విగ్రహాలు తెమ్మని గురువు పంపాడనీ, పసివాడైన రాజు తరఫున పన్నెండేళ్లు రాజ్యం నడిపి, ప్రతిఫలంగా వాటినే అడిగి తెచ్చాడనీ అంటారు. కథలో రాజ్యం దారిలో తగిలిన పని. శాసనానికి అదే అసలు ఘనత. చరిత్రకారుడికి శాసనం వైపే మొగ్గు ఉండాలి.

మతం, అధికారం ఒకే చేతిలో ఉండటం ఇక్కడి విచిత్రమేం కాదు: సరిగ్గా అదే కాలంలో ఇంగ్లండులో రాబర్ట్ బర్నెల్ ఉన్నాడు. 1274లో మొదటి ఎడ్వర్డుకు ఛాన్సలర్ అయ్యాడు, మరుసటేడు బాత్ అండ్ వెల్స్ బిషప్. 1292లో పోయేదాకా రాజముద్ర ఆయన దగ్గరే. రాజులకు ఇలాంటివాళ్లు ఎందుకు నచ్చేవారో ఊహించడం కష్టం కాదు. చదువుకున్నవాళ్లు, జీతం చర్చి మాన్యాల నుంచే వస్తుంది, పదవి వారసులకు పోదు. బర్నెల్ మాత్రం ఊరూరా ఎస్టేట్లు కూడబెట్టాడు. పిల్లలున్నారన్న పుకారూ ఉండేది. ఎడ్వర్డ్ ఆయన్ని కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ని చేద్దామని పట్టుబట్టినా పోప్ ఒప్పుకోలేదు.

నరహరికి ఆ తిప్పలేం లేవు. శ్రీకూర్మం శాసనాల్లో ఆయన పేరు 1293 దాకా కనిపిస్తుంది. తర్వాత పద్మనాభ తీర్థుల స్థానంలో మధ్వ పీఠమెక్కాడు. గురువు గీతాభాష్యానికి ‘భావప్రకాశిక’ అనే వ్యాఖ్య రాశాడు. 1333లో కాలం చేశాడంటారు. ఆయన బృందావనం, అంటే సమాధి, హంపిలో తుంగభద్ర చక్రతీర్థం దగ్గర ఉంది.